రెండుసార్లు తీసేసిన జానెడు నీళ్లు

కొల్లేరు అంచున ఇరవై తొమ్మిదేళ్లు నేను చేసిన పని నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి రాయడం. వంతెన స్తంభానికో, తూము గోడకో ఒక తెల్లటి ప్లేటు బిగించి ఉంటుంది. దాని మీద మీటర్లు, సెంటీమీటర్లు నల్లగీతలుగా ఉంటాయి. దాన్ని గేజి అంటారు. నీటి అంచు ఏ గీత దగ్గరుందో చదివి, రిజిస్టర్లో రాసి, పై ఆఫీసుకు ఫోనులో చెప్పేవాణ్ణి గేజి రీడరంటారు. చూసేవాళ్లకు ఇందులో నేర్చుకోవడానికి ఏముందనిపిస్తుంది. చేరిన కొత్తలో నాకూ అలాగే అనిపించింది.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఫోను చేసి, "మీ అనుభవాలు కాస్త రాసి పెట్టండి సార్" అన్నారు. కంటి నరం దెబ్బతిని యాభై ఆరో ఏటే రిటైరయ్యాను కాబట్టి నేను చెప్తుంటే నా భార్య సువార్తమ్మ రాస్తోంది. మధ్యలో తన అభిప్రాయాలు కూడా చెప్తోంది. అవి రాయొద్దన్నాను.

నన్ను ఏ ఆర్డరు మీద ఎక్కడికి వేశారో, ఎప్పుడు పర్మనెంటు చేశారో రాయను. అవి మీకు పనికిరావు. నేను నేర్చుకున్నవి నాలుగైదు విషయాలు. వాటిలో ఒకటి నేను నేర్చుకునేలోగా ఒక మనిషి ప్రాణం పోయింది. మిగతావన్నీ దాని కోసమే చెప్తున్నాను. ఇంకో మాట. నేను క్రైస్తవుణ్ణి. నా పని ఒక చోట, నా ప్రార్థన ఒక చోట పెట్టి రాయడం నాకు చేతకాదు. అది ఇష్టం లేనివాళ్లు గేజి గురించి ఉన్నంతవరకు చదువుకోండి.

లెక్క ఎక్కడ వచ్చింది

మాది తాడేపల్లిగూడెం. మా నాన్న ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. లారీలోంచి దిగిన ప్రతి బస్తాకీ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయడం నా పని. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. సాయంత్రానికి గోడ నిండిపోయేది. గుమాస్తా పుస్తకానికీ నా గోడకీ తేడా వస్తే, నా గోడ లెక్కే నమ్మేవాళ్లు. పదేళ్ల పిల్లవాడికి అంతకన్నా గర్వం ఏముంటుంది? ఆ గర్వమే నన్ను చాలా దూరం తీసుకొచ్చింది. మంచికీ, చెడ్డకీ.

ఇంటర్లో నేను తప్పింది లెక్కల్లోనే. కాగితం మీద లెక్క నాకు రాలేదు, నీళ్ల లెక్క వచ్చింది. గేజి రీడరుగా చేరాక, తూము పక్క గదిలో పాత రిజిస్టర్లు కనిపించాయి. వానాకాలంలో పని, మిగతా ఎనిమిది నెలలు ఖాళీ. ఆ ఖాళీలో వాటిని కాపీ చేసుకున్నాను. పెదపాడు పైన వంతెన దగ్గర ఏటి మట్టం ఇంత ఉంటే, ఎన్ని గంటలకి ఆ నీరు మా దగ్గర చప్టా మీదికి వస్తుంది? చప్టా అంటే లంక గ్రామానికీ మా ఒడ్డుకీ మధ్య ఉన్న పల్లపు రోడ్డు. వరదొస్తే దాని మీదుగానే నీళ్లు పారతాయి. దీనికి నాకెవరూ సూత్రం చెప్పలేదు. నాలుగు వానాకాలాలు సరిచూసుకుంటే ఒక పట్టిక తయారైంది. అరగంట అటూ ఇటూ సరిపోయేది. ఆ తర్వాత లంక వాళ్లు ఆఫీసుకు ఫోను చేయడం మానేసి నన్నే అడిగేవాళ్లు.

"ఏవండీ దేవదానం గారూ, ఇయ్యాల ఎప్పటిదాకా దాటొచ్చండీ?"

నేను టైము చెప్పేవాణ్ణి. ఆ టైముకే చప్టా మునిగేది.

లేని ప్లేటు మీద రీడింగు

ఇది నవ్వుకోవడానికి చెప్తున్నాను. కానీ గుర్తు పెట్టుకోండి.

చేరిన రెండో ఏడు మా పెద్దమ్మాయి పుట్టింది. ఏలూరు ఆసుపత్రిలో ఉండిపోయాను. పొద్దున్న రీడింగుకి వెళ్లలేదు. ముందు రోజు అంకెకి మూడు సెంటీమీటర్లు కలిపి ఫోనులో చెప్పేశాను. మధ్యాహ్నం మా ఇంజనీరు, ఏ.ఈ. గారు జీపేసుకుని వచ్చారు. పెద్దాయన, కోపమొస్తే గొంతు తగ్గించేవారు.

"పొద్దున్న ఎంత చెప్పావు?"

"ఒకటి డెబ్బై నాలుగండి."

"ఎలా చూశావు?"

"ప్లేటు మీదే చూశానండి."

ఆయన నన్ను తూము దగ్గరికి తీసుకెళ్లారు. గోడకి రెండు బోల్టులున్నాయి. ప్లేటు లేదు. ముందు రాత్రి దుంగ ఒకటి కొట్టుకొచ్చి దాన్ని ఊడబెరికేసింది.

"లేని ప్లేటు మీద సెంటీమీటర్లతో సహా చదివినవాణ్ణి నిన్నే చూశానోయ్" అన్నారు. జీపెక్కబోతూ ఆగి, "పాపకి పేరు పెట్టారా?" అని అడిగారు.

ఆ తర్వాత నేను చూడని అంకె ఒక్కటి కూడా రాయలేదు. ఆయన ఇంకోటి కూడా నేర్పారు. గట్టు మీద నిలబడి చూస్తే అంకె ఒకలా ఉంటుంది, వంగి కంటిని నీటి మట్టానికి దించితే ఇంకోలా ఉంటుంది. రెండోదే నిజం. లుంగీ తడవకుండా రీడింగు తీసేవాడి అంకె నమ్మకండి.

అబ్రహాం గారి పుల్ల

మా ఒడ్డున ఒక చిన్న మందిరం ఉంది. సిమెంటు రేకుల కప్పు, ముప్పై నలభై మంది సంఘం. లంక నుంచి నాలుగైదు కుటుంబాలు ఆదివారం చప్టా దాటి ఆరాధనకు వచ్చేవి. వాళ్లకి పెద్ద అబ్రహాం గారు. వల మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద. చదువు లేదు. దేనికైనా ఒకటే మాట అనేవాడు: "ఆయనకి తెలుసండీ బ్రదరు గారూ." వల ఖాళీగా వచ్చినా అదే, నిండుగా వచ్చినా అదే.

నాకు ఆ మాట కొంచెం చిరాకు. దేవుడికి తెలుసు సరే, మనకు తెలియొద్దా? ఒకసారి అడిగేశాను.

"అన్నీ ఆయనకే తెలిస్తే మీరా పుల్ల ఎందుకు పాతుతారండీ?"

వానాకాలం ఆరాధనకు వచ్చినప్పుడల్లా ఆయన మందిరం వెనక నీటి అంచున ఒక వెదురుపుల్ల పాతేవాడు. దానికి కత్తితో చిన్న గాటు. ఆరాధన అయ్యాక చూసుకునేవాడు. గాటు మునిగితే వెంటనే బయల్దేరేవాడు, మునగకపోతే అందరూ కలిసి తినే ప్రేమ విందుకు కూర్చునేవాడు.

అబ్రహాం గారు నవ్వాడు. "ఆయనకి తెలిసింది నాకెలా చెబుతాడండీ మరి? పుల్ల మీద చెబుతాడు."

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి సువార్తమ్మకి జోకులా చెప్పాను కూడా. అది రాస్తూ ఆమె ఇప్పుడు చెయ్యి ఆపింది.

ఆ ఆదివారం

ఇక్కడ నిదానంగా చదవండి. మీరు చేయబోయే తప్పు ఇదే కావచ్చు.

పెదపాడు పైన వంతెన దగ్గర గేజి రీడరు సత్తిరాజు గారు. పాతికేళ్ల స్నేహం. అంతకు ముందు ఏడు అక్కడి ప్లేటు ఊడిపోతే, మళ్లీ బిగించినవాళ్లు దాన్ని జానెడు కిందికి బిగించారు. సరిగ్గా ఇరవై సెంటీమీటర్లు. దాంతో ఆ ప్లేటు ఎప్పుడూ ఇరవై ఎక్కువ చూపించేది. మార్చమని రాశాం. మార్చేదాకా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయన ప్లేటు మీద ఉన్న అంకె ఉన్నట్టు చెబుతారు. నేను ఇరవై తీసేసి లెక్క చేస్తాను. ఏడాది పాటు అలాగే జరిగింది.

ఆ రోజు పైన వాన పడుతోంది. మా దగ్గర ఇంకా వరద లేదు. రోజూలాగే ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఆరు రీడింగులే. పదిన్నర దాటాక, అబ్రహాం గారు ప్రార్థన చేస్తుండగా నా ఫోను జేబులో కదిలింది. సత్తిరాజు గారు మెసేజి పెట్టారు: మూడు ఇరవై. నేను కళ్లు తెరిచి, పాటల పుస్తకం అట్ట మీద పెన్సిలుతో ఇరవై తీసేశాను. మూడు. పట్టిక నాకు నోటికొచ్చు. మూడుంటే చప్టా మీద మోకాలి లోతు రావడానికి సాయంత్రం ఐదవుతుంది. ప్రార్థన అయిపోయింది. ఆమెన్ అన్నాను.

పన్నెండున్నరకి ఆరాధన ముగిసింది. అబ్రహాం గారు వెనక్కి వెళ్లి వచ్చాడు.

"బ్రదరు గారూ, నా పుల్ల మునిగిందండీ. గాటు కాదు, పుల్లే కనిపించట్లేదు. మేం బయల్దేరతామండీ."

"గాలికి అలలు ఎక్కి ఉంటాయండీ. పైన మూడే ఉంది. ఐదింటిదాకా మీకు భయం లేదు."

"అంతేనంటారా?"

"మీ పుల్ల గొప్పదా, మా ప్లేటు గొప్పదా?" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఆయన భార్య రత్నమ్మ గారు, "పోదామండీ, ఎందుకొచ్చింది" అంది. ఆయన నా వైపు చూసి, "లెక్క తెలిసినాయన చెప్తున్నాడు కదే. తినే పోదాం" అన్నాడు.

రెండుంబావుకి బయల్దేరారు. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. పదకొండు మంది. జేబు పుస్తకంలో రాసుకున్నాను కూడా.

మూడింటి రీడింగుకి తూము దగ్గరికి వెళ్లాను. వంగాను. ఐదింటికి రావాల్సిన అంకె అక్కడుంది. మళ్లీ చూశాను. బండి వేసుకుని చప్టా దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు రోడ్డు మీద ఉరుకుతున్నాయి. అవతలి గట్టు మీద మనుషులు కనిపించారు. లెక్కపెట్టాను. పది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. పది.

తర్వాత వాళ్లు చెబితే తెలిసింది. చప్టా మధ్యకి వచ్చేసరికి నీరు మోకాళ్లు దాటిందట. అబ్రహాం గారు వెనక్కి వచ్చి, తన దగ్గరున్న వల తాడు ఈ ఒడ్డు రాయికి కట్టి, రెండో కొస ముందు వెళ్లేవాళ్లకి ఇచ్చి అందరినీ దాటించాడు. అందరూ దాటాక తాడు విప్పి నడుముకి చుట్టుకుని బయల్దేరాడు. ఆయన కోసం తాడు పట్టుకోవడానికి ఈ ఒడ్డున ఎవరూ లేరు. గుర్రపుడెక్క తెప్ప ఒకటి, మంచమంత ఉంటుంది, కొట్టుకొచ్చి తగిలింది. అవతలివాళ్ల చేతుల్లోంచి తాడు కొస లాక్కుపోయింది. మూడో రోజు చేపల చెరువు గట్టు దగ్గర దొరికాడు. తాడు నడుముకే ఉంది.

సత్తిరాజు గారికి చేసిన ఫోను

మర్నాడు పొద్దున్న రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. పట్టిక తప్పలేదు. నీరు తప్పలేదు. మిగిలింది ఒకటే.

"సత్తిరాజు గారండీ, నిన్న మీరు పెట్టిన మూడు ఇరవై ప్లేటు మీద అంకేనాండీ?"

"కాదయ్యా. ప్లేటు మీద మూడు నలభై. ఇరవై తీసేసే పెట్టాను."

"మీరెప్పుడూ తీయరు కదండీ."

"ఆదివారం కదా, గుళ్లో ఉంటావు, ప్రార్థన మధ్యలో నీకు లెక్కలెందుకని నేనే తీసి పెట్టాను. ఏమయ్యా? ఏమైంది?"

నేనూ తీసేశానని మాత్రం చెప్పి ఫోను పెట్టేశాను. ఆయన నా ప్రార్థన చెడకూడదని తీశారు. నేను ప్రార్థన మానుకుని మళ్లీ తీశాను. జానెడు నీళ్లు రెండుసార్లు పోయాయి. నా పట్టికలో జానెడంటే రెండున్నర గంటలు.

నేను ఆయన్ని ఒక్క మాట అడగాల్సింది. "దిద్దిందా, ప్లేటు మీదదా?" ఒక్క నిమిషం పని. మీరు ఈ ఉద్యోగంలో ఇంకేం నేర్చుకోకపోయినా ఇది నేర్చుకోండి. ఎవరు అంకె చెప్పినా, ఎంత స్నేహితుడైనా, ముందు ఆ ప్రశ్న అడగండి. ఇప్పుడు సెన్సార్లు వచ్చాయి, అంకె నేరుగా ఫోనుకే వస్తుంది. సెన్సారు వెనకా ఎవరో ఒకరు దిద్దుతూనే ఉంటారు. దాన్నీ అడగండి.

దేవుని చిత్తం అన్న మాట

అబ్రహాం గారింటి వాళ్ల కోసం పెట్టిన ఆదరణ కూడికలో అందరూ అదే మాటన్నారు. దేవుడు తన దాసుణ్ణి పిలుచుకున్నాడు, ఆయన చిత్తం. ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నారు. చేశాను. "నీకు సమస్తమూ తెలుసు ప్రభువా" అని చాలా బాగా చేశాను. కొంతమంది ఏడ్చారు. రత్నమ్మ గారు ఏడవలేదు. తలెత్తి నన్నే చూస్తూ ఉంది.

ఆఫీసు నన్నేమీ అడగలేదు. రిజిస్టర్లో నా అంకెలన్నీ సరైనవే. నేను లంక వాళ్లకి చెప్పిన టైము ఏ రిజిస్టర్లోనూ ఉండదు. పాటల పుస్తకం అట్ట మీద పెన్సిలు గీతలు రబ్బరుతో తుడిచేశాను. తర్వాత సత్తిరాజు గారు రెండుసార్లు ఫోను చేస్తే, పనుందని పెట్టేశాను.

దేవుడికి అన్నీ తెలుసని చిన్నప్పటినుంచి విన్నాను. ఆ మాట మనకు ధైర్యం ఇవ్వాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మూడేళ్లు అది నాకు భయమే ఇచ్చింది. దాంతోపాటు కోపం కూడా. తల మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టినవాడు నా తీసివేత ఎందుకు చూడలేదు? చూస్తే ఎందుకు చెప్పలేదు? ఫోను చేతిలో పట్టుకుని గుళ్లోనే ఉన్నాను కదా. ఇంతకన్నా దగ్గరగా ఎక్కడ ఉండాలి? ప్రార్థనలో నాకు మాటలు ఆగిపోయాయి. పెదవులు కదిపేవాణ్ణి.

ఇంకో పని కూడా చేశాను. టైములు చెప్పడం మానేశాను. వానాకాలం ఆదివారాల్లో రత్నమ్మ గారు ఎప్పట్లాగే వచ్చి, "అన్నయ్యగారూ, ఎప్పటిదాకా దాటొచ్చండీ?" అని అడిగేది. "నాకు తెలీదమ్మా, పోలీసోళ్లని అడగండి" అనేవాణ్ణి. మళ్లీ వారం మళ్లీ అడిగేది. ఇంత జరిగాక కూడా నన్నే అడుగుతోందంటే ఈమెకి ఏమీ తెలియదు అనుకునేవాణ్ణి.

మందిరం కుళాయి దగ్గర

చూపు మందగించింది. ప్లేటు మీద ఆరూ ఎనిమిదీ ఒకలా కనిపించసాగాయి. నేనే ఆఫీసుకు వెళ్లి చెప్పాను. రిటైరైన వారం సంఘంలో కృతజ్ఞతా కూడిక పెట్టారు. పాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క తప్పు అంకె ఇవ్వని మనిషి మన దేవదానం గారు" అన్నారు. చప్పట్లు కొట్టారు.

నేను బయటికి వచ్చేశాను. కుళాయి దగ్గర రత్నమ్మ గారు విందు గిన్నెలు కడుగుతోంది.

"అదేంటన్నయ్యగారూ, మీకు దండ వేస్తారంట, లోపలికెళ్లండి."

"మీకో మాట చెప్పాలమ్మా. ఆ రోజు నా లెక్క తప్పు. ఇరవై రెండుసార్లు తీశాను. ఆయన పుల్ల మునిగిందన్నాడు, నేను నవ్వాను. అబ్రహాం గారు పోయింది నా మాట మీద."

ఆమె గిన్నె తోముతూనే ఉంది. "తెలుసండి" అంది.

"ఏం తెలుసమ్మా?"

"జానెడు సంగతి. కూడికైన నాలుగో రోజున సత్తిరాజు గారు వచ్చారండి మా ఇంటికి. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పారు. తప్పు నాదమ్మా, దేవదానానిది కాదని ఏడ్చారండి పాపం, అంత మనిషి."

కుళాయి పక్క గట్టు మీద కూర్చున్నాను.

"మూడేళ్లూ తెలిసి ఒక్క మాటైనా అడగలేదేంటమ్మా?"

"కోపం రాలేదనుకోకండి. మూడు నెలలు ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షరసం, తీసుకోలేదు నేను. మీరు ముందు వరసలో కూర్చుంటే నాకు చెయ్యి చాపబుద్ధి కాలేదండి. ఆ తర్వాత, చెప్తారేమోనని చూశాను. ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాను కదండీ మిమ్మల్ని. దేవుడికి తెలుసు, నాకు తెలుసు. మాకు తెలుసని మీకొక్కరికే తెలీదు."

అప్పుడు మూడేళ్లుగా లోపలున్నది బయటికి వచ్చేసింది. "ఆయనకి తెలిసి ఆ రోజు నాకెందుకు చెప్పలేదమ్మా?"

రత్నమ్మ గారు మొదటిసారి నా వైపు తిరిగింది. "చెప్పలేదంటారేంటండీ? మా ఆయన వచ్చి పుల్ల మునిగిందన్నాడు కదండీ మీతో."

కుళాయి పారుతూనే ఉంది. కాసేపటికి ఆమే కట్టేసింది. "నీళ్లు పోతున్నాయి" అంది.

ఆ మర్నాడే సత్తిరాజు గారింటికి వెళ్లాను. తలుపు తీసి నన్ను చూసి కుర్చీ వేశారు. ఆ తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి అంతా చెప్పాను. కొందరు నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడరు. అది న్యాయమే.

ఉన్నదున్నట్టు

ఈ పనిలో చేరేవాళ్లకి చివరిగా ఒక సంగతి. నేను దేవుడికి కూడా దిద్దిన అంకెలే ఇస్తూ వచ్చాను. తప్పుల్లోంచి కొంత తీసేసి, మంచికి కొంత కలిపి. ఆయనకి తెలియదన్నట్టు. ఆయన చూపు కింద ఉన్నామంటే అర్థం, ప్లేటు మీద ఉన్నది చెప్పేసి ఊపిరి తీసుకోవచ్చని. ఇది తెలిసినంత మాత్రాన అబ్రహాం గారు తిరిగి రాలేదు. ఆయన్ని ఎందుకు కాపాడలేదో నాకింకా తెలియదు. ఎవరైనా తెలుసని చెబితే నమ్మను. కానీ తెలిసినవాడు ఒకడున్నాడని నమ్ముతున్నాను. ఆ నమ్మకంలో సుఖం తక్కువ. అయినా దాని మీద నిలబడొచ్చు.

ఈ వానాకాలం మళ్లీ పైనుంచి నీరొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక రత్నమ్మ గారు నా చెయ్యి పట్టుకుని తూము దగ్గరికి తీసుకెళ్లింది. నాకిప్పుడు ప్లేటు తెల్లటి మచ్చలా కనిపిస్తుంది, గీతలు కనిపించవు. ఆమె మెట్లు దిగింది.

"ఒకటి అరవై రెండండీ!"

"వంగి చూశారా, నిలబడి చూశారా?"

"వంగే చూశానండి. చీర తడిసిపోయింది ఇక్కడ."

"దిద్దారా?"

"నేనేం దిద్దుతానండీ? ఉన్నదున్నట్టే చెప్తున్నా."

పై వంతెన దగ్గర కొత్తగా వచ్చినాయనకి ఫోను చేసి అదే ప్రశ్న అడిగాను. ప్లేటు మీదదేనన్నాడు. అక్కడ ప్లేటు ఎట్టకేలకు సరిచేశారు. మనసులో లెక్క చేసుకున్నాను. మూడున్నరదాకా దాటొచ్చు.

"మీరు పాతిన పుల్ల ఏమంటోందమ్మా?"

"ఇందాకే చూశానండి, నీరు గాటుకి రెండు వేళ్లు కిందుంది."

"నా లెక్కకి మూడున్నరదాకా ఉంది గానీ, నీరు గాటు దగ్గరికొచ్చింది, విందు లేదు. ఇప్పుడే బయల్దేరండి."

"ఆయ్" అంది. నేను టైము చెప్పి నాలుగేళ్లయింది.

చప్టా దగ్గర, ఈ ఒడ్డు రాయి పక్కన నిలబడ్డాను. కళ్లతో లెక్కపెట్టలేను కాబట్టి ఒక్కొక్కరూ పేరు చెప్పి దాటారు. తొమ్మిది పేర్లు. వాళ్లు పట్టుకుని వెళ్లిన తాడు ఈ కొస నా చేతిలోనే ఉంది. అరగంటకి ఫోను మోగింది.

"తొమ్మిది మందిమీ చేరామండి అన్నయ్యగారూ. తాడు వదిలేయండిక."

ఇంటికొచ్చి సువార్తమ్మతో నా జేబు పుస్తకంలో రాయించాను: తొమ్మిది బయల్దేరారు, తొమ్మిది దాటారు. రాసి, ఆమె ఆ జేబు పుస్తకంలో పాత పేజీ ఒకటి తిప్పి చదివింది. పదకొండు, పది. నా చేతి రాతే.

"ఇది ఉంచమంటారా?" అని అడిగింది.

ఉంచమన్నాను. దిద్దకుండా.